జాడీలో గుంటూరు ఘాటు

ఫిబ్రవరి దాటిందంటే గుంటూరు చుట్టుపక్కల కళ్లాలన్నీ ఎర్రెర్రగా మెరిసిపోతాయి. ఆరబోసిన మిరపకాయలవి! దారినపోయేవారికి తుమ్ములు ఆగవు. పంటలో ఎక్కువ భాగం మిర్చియార్డుకీ, శీతల గిడ్డంగులకీ చేరుతుంది. ఇంటికొచ్చేది ఏడాదికి సరిపడా కారం. అందుకే అక్కడి ఇల్లాలు కాయను చెవి దగ్గర ఊపి చూస్తుంది. గింజలు గలగలమంటేనే ఎండినట్టు. తడి మిగిలితే బూజు పట్టి మొత్తం పారబోయాల్సిందే. తొడిమలు తీయకుండా దాస్తే గింజలు రాలవు. కొట్టించిన కారం పూర్తిగా చల్లారాకే జాడీకెక్కుతుంది, మధ్యలో ఓ ఇంగువ ముక్కతో సహా. పండుమిరపకాయలనైతే కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కితే కొరివికారం సిద్ధం. ఇక ముసురు పట్టి కూరలు దొరకని రోజున, వేడివేడి అన్నంలో కాస్త నెయ్యి వేసుకుని ఆ జాడీ మూత తీస్తే చాలు!