తలమీద పచ్చదీపం

‘మూడ్’ అనే ఇంగ్లీషు మాట మన ఇళ్ళలోకి ఏ దారిన వచ్చిందోగాని, వచ్చినది వచ్చినట్టే తిష్ఠ వేసుకు కూర్చున్నది. “నాన్నగారు మూడ్‌లో లేరు, సినిమా మాట ఇప్పుడెత్తకు” అని పిల్లలూ, “అయ్యగారికి మూడ్ బాగాలేదుట, సెలవుచీటీ రేపు పట్టికెళ్ళు” అని గుమాస్తాలూ అనుకుంటూ ఉండగా ఎన్నిసార్లు విన్నానో! ముప్పయ్యారేళ్ళు తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి. ఆఫీసరుగారి మొహం చూచి ఆ రోజు వాతావరణం చెప్పగల నేర్పు మాకు ఇంక్రిమెంట్లతోపాటు వస్తూ ఉండేది. మా ఆవిడ నాకంటె రెండాకులు ఎక్కువే చదివింది. నేను సాయంత్రం చెప్పులు విడిచే చప్పుడును బట్టి, మాట్లాడవలసింది కాఫీకి ముందా, తరువాతా అని నిర్ణయించేది. కొత్త చీరె సంగతి మాత్రం ఎప్పుడూ భోజనమైన తరువాతనే, తమలపాకులు అందిస్తూ.

ఇంత అనుభవం కలిగిన మా ఇంటికి మూడ్ అంటే ఏమిటో శాస్త్రోక్తంగా బోధించినది ఒక కంప్యూటరు బొమ్మలాట అంటే మీరు నవ్వుతారు. నవ్వితే నవ్వండి. సంగతి మాత్రం వినండి.

ఆ ఆట పేరు ‘ది సిమ్స్’. ఇందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు, గెలుపూ ఓటమీ లేవు. ఒక ఇల్లు, అందులో ఒకరో ఇద్దరో మనుషుల బొమ్మలు. వాళ్ళకు వండిపెట్టించాలి, స్నానాలు చేయించాలి, నిద్ర పుచ్చాలి, ఉద్యోగానికి పంపాలి. మన చిన్ననాటి బొమ్మరిల్లే అనుకోండి, లక్కపిడతలకు బదులు మీటలు. మన గడియారంలో ఒక నిమిషం గడిస్తే బొమ్మకు గంట గడుస్తుంది. ఇరవైనాలుగు నిమిషాలకు ఒక రోజు తెల్లవారుతుంది.

దీని పుట్టుక కూడా వింతయినదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన ఓక్లండ్ కొండలమీద 1991 అక్టోబరులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వేలకొద్దీ ఇళ్ళు బుగ్గి అయిపోయాయి. కాలిన ఇళ్ళలో విల్ రైట్ అనే ఆయన ఇల్లు ఒకటి. ఆయన అంతకుముందే, 1989లో, పట్టణాలు కట్టే ఆట ఒకటి తయారుచేసి పేరు తెచ్చుకున్నవాడు. సర్వం పోయి మళ్ళీ కాపురం అమర్చుకుంటూ ఉండగా, మనిషికి నిజంగా కావలసినవి ఏవి అన్న ఆలోచన ఆయనకు కలిగింది. మొదట ఇళ్ళు కట్టే ఆట చేద్దామనుకున్నాడు. కట్టిన ఇల్లు సుఖంగా ఉన్నదో లేదో తేల్చడానికి అందులో బొమ్మలను ప్రవేశపెట్టాడు. చివరకు ఇల్లు వెనక్కుపోయి బొమ్మలే ఆట అయి కూర్చున్నాయి. 2000 ఫిబ్రవరిలో అది బజారులోకి వచ్చింది.

మా అబ్బాయి ఇంజనీరింగు చదివే రోజుల్లో, వేసవి సెలవులకు ఆ డిస్కు పట్టుకువచ్చాడు. ఉబుసుపోక నేనూ వెనక కుర్చీ వేసుకు కూర్చునేవాణ్ణి. బొమ్మ తలమీద చిన్న రత్నంలాంటిది తిరుగుతూ ఉంటుంది. మూడ్ బాగుంటే పచ్చన, చెడితే ఎర్రన. ఆ రంగు వెనక ఎనిమిది లెక్కలున్నాయి: ఆకలి, సౌఖ్యం, శుభ్రత, కాలకృత్యం, ఓపిక, వినోదం, నలుగురితో మాటామంతీ, ఉన్న గది తీరు. ఈ ఎనిమిదింటినీ కూడి తీసివేస్తే వచ్చేదే మూడ్. మనిషి అవసరాలకు మెట్లున్నాయని మాస్లో అనే మనస్తత్వవేత్త 1943లో వ్రాసిన సిద్ధాంతం కూడా ఈ ఆటకు ఆధారమట. మన పెద్దలు ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని రెండు మెట్లు ఎప్పుడో చెప్పి ఊరుకున్నారు.

అసలు కీలకం ఉద్యోగం దగ్గర ఉన్నది. తెల్లవారి కారు వచ్చి వాకిట్లో హారన్ కొడుతుంది. ఆ సమయానికి బొమ్మ ఏ మూడ్‌లో బయలుదేరితే దాన్నిబట్టి ఆ రోజు పనితనం. పచ్చగా వెళితే ప్రమోషను దగ్గరపడుతుంది, ఎర్రగా వెళితే దూరమవుతుంది. మా వాడు మొదట్లో బొమ్మ నిద్ర తగ్గించి, ఆ వేళ చదివించి, తొందరగా పైకి తేవాలని చూశాడు. బొమ్మచేత పుస్తకం పట్టిస్తే ఏం చేసిందనుకున్నారు? మన వంక తిరిగి, చేతులు ఊపి, నావల్ల కాదు పొమ్మంది! మూడ్ చెడిన బొమ్మ ఆ ఆటలో చదవదు. ఎన్నిసార్లు నొక్కినా చదవదు. మా వాడికి చిర్రెత్తుకు వచ్చింది. వారం రోజులకు కిటుకు తెలిసింది. ముందు మంచి మంచం కొన్నాడు. మంచి మంచంమీద అదే నిద్ర తక్కువ గంటల్లో తీరుతుంది. పొద్దున్నే స్నానం, కడుపునిండా ఫలహారం, కాసేపు టీవీ. ఆ తరువాత పుస్తకం. బొమ్మకు వరుసగా ప్రమోషన్లు. “చూశారా నాన్నగారూ, చదువు పెంచాలంటే చదువు తగ్గించాలి!” అన్నాడు పరమానందంతో. ఆ మాట నేను జ్ఞాపకం పెట్టుకున్నాను.

ఇక అసలు కథ. ఆ అబ్బాయికే ఇప్పుడొక కూతురు. 2024లో ఇంటరు మొదటి సంవత్సరంలో చేరింది. కాలేజీ మా ఊళ్ళోనే అయినా, రానూ పోనూ పొద్దు వృథా అని హాస్టల్లో వేశారు. కాలేజీ పేరు ఎందుకులెండి. తెల్లవారుజామున అయిదింటికి గంట, రాత్రి పదిన్నరకు దీపాలార్పడం, మధ్య ఉన్నదంతా చదువే. దసరా సెలవులకు పిల్ల ఇంటికి వచ్చింది. గుమ్మంలో చూచి మా ఆవిడ నోట మాట రాలేదు. బుగ్గలు పీక్కుపోయాయి. రెండు రోజులు నిద్రపోయింది. లేచినా ఎవరితోనూ పలకదు. పండుగనాడు గారెలు పెడితే కంచంలోనే వదిలేసింది.

మూడోనాడు తండ్రి ల్యాప్‌టాప్ తీసి ఏదో ఆడుతున్నది. తొంగి చూద్దును గదా, అదే ఆట! నాలుగో తరం దట, 2014లో వచ్చినది. 2022 నుంచీ అసలు ఆటకు డబ్బు కూడా పుచ్చుకోవడం లేదట. పలకరించడానికి సందు దొరికిందని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఇదివరకు మీ నాన్న ఆడేవాడు తల్లీ. పచ్చా ఎరుపూ రెండే రంగులుండేవి కాబోలు.”

“ఇప్పుడు చాలా ఉన్నాయి తాతయ్యా” అన్నది. అదే ఆ మూడు రోజుల్లో పూర్తి వాక్యం. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇప్పుడు మూడ్ అంటే మంచీ చెడూ అని కాదు, ఏ పనికి ఏ మూడ్ అన్నది లెక్క. రచయిత బొమ్మ స్ఫూర్తితో ఉంటే పని బాగా చేస్తుంది. వ్యాపార కార్యాలయంలో ఉద్యోగి ఏకాగ్రతతో వెళ్ళాలి. హాస్యగాడు చిలిపి ఉత్సాహంతో వెళ్ళాలి. ఆ మూడ్ తెప్పించడానికి ఉపాయాలున్నాయి. చదరంగం ఆడితే ఏకాగ్రత కుదురుతుంది. అద్దం ముందు నిలబడి తనకు తాను ధైర్యం చెప్పుకుంటే ఆత్మవిశ్వాసం వస్తుంది. కోపంగా ఉంటే కాస్త పరుగెత్తి రావాలి. దుఃఖంగా ఉంటే మంచంమీద పడి ఏడ్చే సదుపాయం కూడా ఉన్నది. పనిచేసేచోట కూడా బాగా కష్టపడమని చెప్పవచ్చు, తేలికగా కానివ్వమనీ చెప్పవచ్చు. కష్టపడితే పనితనం పెరుగుతుంది, కాని మనసు బిగుసుకుపోతుంది.

“మరీ కోపం వస్తే చచ్చిపోతాయి కూడా తాతయ్యా. సిగ్గుతో కూడా. నవ్వు పట్టలేక కూడా.”

“హారి! నవ్వి కూడానా?” అన్నాను. పిల్ల చిన్నగా నవ్వింది. నవ్వి, తెర వంకే చూస్తూ, “దీనికి ఏడవడానికి ఒక మీట ఉంది. మా హాస్టల్లో ఏడిస్తే వార్డెనుగారు, ఏడ్చే టైములో ఒక లెక్క చేసుకోవచ్చు కదా అంటారు” అన్నది. తరువాత మరీ మెల్లిగా, “నేను తిరిగి వెళ్ళలేను తాతయ్యా” అన్నది.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద పంచాయితీ. మా అబ్బాయి బ్యాంకు ఉద్యోగి, చెడ్డవాడు కాడు. కూతురంటే ప్రాణం. “ఈ రెండేళ్ళు ఓర్చుకుంటే జీవితమంతా సుఖపడుతుంది నాన్నగారూ. హాస్టలు ఫీజు ఏడాదిది కట్టేశాం. అందరి పిల్లలూ చదవడం లేదూ?” అన్నాడు. కోడలు కన్నీళ్ళు తుడుచుకుంటూ, “మామయ్యగారూ, మీరే ఏదో ఒకటి చెప్పండి” అన్నది.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. “నీ బొమ్మ పుస్తకం పట్టనని చేతులూపితే అప్పుడు నువ్వేం చేశావురా?” అని మాత్రం అడిగాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. “మంచం కొన్నాను” అన్నాడు చివరకు.

మర్నాడు తండ్రీ కూతురూ కలిసి కాలేజీకి వెళ్ళారు. చాలా తర్జనభర్జనల మీదట, హాస్టలు మాని ఇంటినుంచి వచ్చి పోవడానికి ఒప్పుకున్నారు. కట్టిన హాస్టలు డబ్బు మాత్రం తిరిగి రాలేదు. పోనివ్వండి.

ఆ వారమంతా నేను ఉత్సాహం పట్టలేక, పిల్లకు ఎనిమిది గంటల నిద్ర, వేళకు భోజనం, అరగంట షికారు అని కాగితంమీద గీతలు గీస్తూంటే, మా ఆవిడ చూచి ఒక్క మాట అన్నది: “ఏమండీ, బొమ్మకు అన్నం పెట్టేది ఉద్యోగం బాగా చెయ్యాలని. మనం పిల్లకు పెట్టేది ఎందుకు? మార్కులు రావాలనా?”

ఇన్నాళ్ళ ఆట పరిశీలనలోనూ నాకు తట్టని ముక్క అది. ఆటలో ప్రతి ముద్దకూ, ప్రతి కునుకుకూ వెనక పనితనం లెక్క ఉన్నది. మూడ్ చెడితే క్షణంలో సరిచేసే రసాయనపు సీసా కూడా ఉన్నది, ఆటలో సంపాదించిన పాయింట్లతో కొనుక్కోవచ్చు. మనుషుల దగ్గర ఈ లెక్క మొదలుపెడితే, పిల్ల నవ్వినా ఎందుకు నవ్విందీ, ఎన్ని మార్కుల నవ్వు ఇదీ అని చూసుకోవలసి వస్తుంది. నిద్రపోతున్న పిల్లను చూచి, బాగా చదువుతుందిలే అనుకోవడం వేరు. నిద్రపోతున్నది, హాయిగా ఉన్నది అనుకోవడం వేరు. రెంటిలోనూ దుప్పటి కప్పే చెయ్యి ఒకటే గాని, ఆ చేతి బరువు పిల్లకు తెలుస్తుంది. కాగితం చింపలేదు గాని, మడిచి పంచాంగంలో పెట్టాను.

2025 ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. పేపరులో ఫొటో పడే మార్కులు కావు. అయినా పిల్ల తలెత్తుకుని తిరిగే మార్కులే. హాస్టల్లో ఉంటే ఇంకో పది వచ్చేవేమో, రాకపోనూవచ్చు. మా అబ్బాయి ఆ లెక్క వేయబోయి, కూతురు మొహం చూచి మానేశాడు. ఆవేళ గారెలు వండారు. పిల్ల నాలుగు తిని అయిదోదానికి చెయ్యి చాచింది. మా ఆవిడ ఏమీ అడగకుండా ఆరు వేసింది.