సలాముకు జవాబు

మా ఫుప్పూకి బొల్లి. పదిహేనో ఏట పెదవి పక్కన శనగగింజంత తెలుపు కనిపించిందట. తర్వాత చేతులు, మెడ, కనురెప్పలు. రెండు రిష్తాలు ‘సఫేద్ దాగ్’ అన్న ఒక్క మాటతో వెనక్కి పోయాయి. ఆ మచ్చల గురించి ఖాందానంతా మాట్లాడింది. ఆమె చెవుల గురించి మాత్రం ఎవరమూ ఆలోచించలేదు.

పిల్లలు గుమ్మంలోంచి సలాం చెబితే ఫుప్పూ పలికేది కాదు. సలాముకు జవాబివ్వడం వాజిబ్ కదా! “మగ్రూర్ అయిపోయింది. నికాహ్ కాలేదని అందరి మీదా గుస్సా” అనేది మా చాచీ. నేనూ అదే నమ్మాను. మసీదు మైకులో అజాఁ మొదలవగానే అందరికంటే ముందు తలపై దుపట్టా సర్దుకునేది ఆమే. అందుకే చెవుల మీద శక్ రాలేదు.

పోయినేడు ఆమెకు బుఖార్ వచ్చింది. చంకలో థర్మామీటర్ పెట్టాను. అది బీప్ బీప్‌మని మోగి ఆగిపోయింది. ఆమె అలాగే కూర్చుంది.

“మోగింది కదా ఫుప్పూ!”

“ఎక్కడ బేటా?”

చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కాగితం మీద గీత మొదట బాగానే ఉంది. సన్నటి శబ్దాల దగ్గరికొచ్చేసరికి కిందికి జారింది. మాటల్లో స, ఫ లాంటి శబ్దాలు పోయేది అక్కడే. ‘సలాం’లో మొదటి అక్షరమే అది.

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవిలో కూడా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలోని ద్రవంలో సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తు నిలబడటానికి అవి తోడ్పడతాయి. శబ్దాన్ని పట్టుకునే కణాలకు అదే తాకత్. బొల్లి ఉన్నవాళ్ల వినికిడిని పరీక్షిస్తే, కొందరిలో సన్నటి శబ్దాలు వినే శక్తి తగ్గినట్టు తేలింది. అందరిలో కాదు. తగ్గినవాళ్లలో కూడా చాలామందికి ఆ సంగతే తెలియదు. ఫుప్పూకి అరవై దాటాయి, వయసు వల్ల కూడా కావచ్చన్నారు డాక్టర్.

వజహ్ ఏదైనా, గురూర్ మాత్రం కాదు.

ఇంటికొస్తుంటే ఆటోలో ఆమె అంది: “ఎంతమంది సలాములు జవాబు లేకుండా వదిలేశానో బేటా... అల్లాహ్ మాఫ్ చేయాలి.”

మాఫీ అడగాల్సింది ఆమె కాదు. ఇప్పుడు ఎదురుగా వెళ్లి, ముఖం చూసి సలాం చెబుతున్నాం. జవాబు పూర్తిగా వస్తోంది, దువాతో సహా. మీ ఇంట్లో బొల్లి ఉన్నవాళ్లుంటే ఒక్కసారి చెవులు కూడా చూపించండి.