చప్పుడు లేకుండా వెనకబడేవారు

మీలో కొందరు ఈపాటికి ప్రోగ్రామింగ్ పాఠాలు మొదలుపెట్టి ఉంటారు. మరికొందరు మొదలుపెట్టి, మూడు వారాలు తిరగకుండానే "ఇది మన తలకెక్కే చదువు కాదు" అని పుస్తకం మూసేసి ఉంటారు. ఆ రెండోవారిని గురించే మీతో మాట్లాడదలచాను. నేను ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారంపూట ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు చెబుతుంటాను. ప్రోగ్రాం అంటే మరేమీ కాదు. కంప్యూటరు చేయవలసిన పనిని, ఒక్క మెట్టు కూడా వదలకుండా, వరుసగా రాసి ఇవ్వడమే.

ఈ చదువులో వెనకబడటం మన ఒక్కరి సంగతి కాదు. డెన్మార్కు అధ్యాపకులు బెన్నెడ్‌సెన్, కాస్పర్‌సెన్ పలు దేశాల ఉన్నత విద్యాసంస్థల నుంచి లెక్కలు సేకరించి 2007లో ప్రకటించారు. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులో చేరినవారిలో సగటున మూడోవంతు మంది గట్టెక్కలేదని తేలింది. 2019లో వారే మళ్లీ లెక్కచూస్తే అది 28 శాతం. రోజూ కళాశాలకు వెళ్లి, అధ్యాపకుడి ఎదుట కూర్చుని చదివేవారి సంగతే ఇది. పగలంతా పనిచేసి రాత్రిపూట పుస్తకం తెరిచే మీకు ఎక్కడో ఒకచోట అడ్డంకి వస్తే అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

మరి వెనకబడుతున్నవారిని గుర్తించడం ఎలా? పరీక్ష మార్కులు చెబుతాయి. కాని అవి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. "అర్థమైందా?" అని అడిగినా లాభం లేదు. పదిమందిలో "కాలేదు" అనడానికి ఎవరికి నోరు వస్తుంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. కాని ఏమి అడగాలో తెలియనివారు ఎలా అడుగుతారు?

ఒక ఉదాహరణ చెబుతాను. కుట్టుపని చేసుకునే ఒకామె మా తరగతికి వచ్చేవారు. ఆమె నోటుపుస్తకం ముత్యాలు పేర్చినట్టుండేది. పుస్తకంలో చూసి ఎక్కించిన ప్రోగ్రాం చక్కగా నడిచేది కూడా. ఒకరోజు తరగతిలో అందరికీ మూడు వరుసలు రాసి ఇచ్చాను: ఎ = 10, బి = 20, ఎ = బి. ఇప్పుడు ఎ ఎంత, బి ఎంత?

"ఎ 20 సార్. బి ఖాళీ" అన్నారామె.

"బి ఎందుకు ఖాళీ అయిందమ్మా?"

"ఈ డబ్బాలో బియ్యం ఆ డబ్బాలో పోస్తే ఇది ఖాళీయే కదా సార్!"

ఆమె ఆలోచనలో తెలివితక్కువతనం ఏమీ లేదని గమనించండి. కాని కంప్యూటరు పోయదు, చూసి రాసుకుంటుంది. ఎ దగ్గరున్న 10 చెరిగి 20 అవుతుంది. బి 20గానే ఉంటుంది. ఈ మాట చెప్పగానే ఆమె, "ఆది జాకెట్టు చూసి కొలత తీసుకున్నట్టన్నమాట. ఆది జాకెట్టు ఎక్కడికీ పోదు" అన్నారు. అంతకన్న మంచి ఉపమానం నా దగ్గర కూడా లేదు. అందమైన నోటుపుస్తకం దాచిపెట్టిన చిక్కును ఒక్క చిన్న ప్రశ్న బయటపెట్టింది.

ఇటువంటి ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 2006లో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన దెహ్నాదీ, బోర్నాట్ అనేవారు పాఠాలు మొదలుకాకముందే ఇలాంటి ప్రశ్నలు అడిగి, ప్రోగ్రామింగ్ ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో ముందే వేరుచేయవచ్చునన్నారు. 2014లో బోర్నాటే ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. కనుక ఇటువంటి ప్రశ్న ఎవరిని ఇంటికి పంపాలో చెప్పదు. ఎవరికి ఎక్కడి నుంచి చెప్పాలో చెబుతుంది.

అమెరికాలో పెర్కిన్స్, ఆయన సహచరులు 1986లో మరొక విషయం రాశారు. చిక్కు రాగానే కొందరు చేతులు ముడుచుకుని ఆగిపోతారు. కొందరు ఏదో ఒకటి మార్చి చూస్తూ ముందుకు సాగుతారు. అయితే ఎందుకు మారుస్తున్నారో తెలియకుండా కెలికేవారు కూడా తోవ తప్పుతారు. అంటే తప్పులు చేసేవారందరూ వెనకబడినవారు కారు. ఆగిపోయినవారిని, అదే తప్పు చుట్టూ తిరిగేవారిని ముందుగా పట్టించుకోవాలి.

మీ ఇంట్లో మీ పక్కన అధ్యాపకుడు ఉండడు. కనుక మీకు మీరే అధ్యాపకులు కావాలి. చూసి రాసిన ప్రోగ్రాంలో ఒక అంకె మారిస్తే ఏమి వస్తుందో, నడపకముందే చెప్పగలరా? ఒకే తప్పు మూడోసారి వచ్చిందా? అరగంట నుంచి తెరవైపు ఊరికే చూస్తున్నారా? అయితే కంప్యూటరు ముందునుంచి లేవండి. కాగితంమీద గడులు గీయండి. ఒక్కొక్క వరుస చదువుతూ ఎ ఎంత, బి ఎంత అని గడుల్లో రాస్తూ పొండి. చేయి ఎక్కడ ఆగితే అక్కడ గీత గీయండి.

ఆ కాగితాన్ని ఆదివారం తరగతికి తెచ్చుకోండి. దానిమీద "నాకు రాదు" అని రాయకండి. "నాలుగో వరుసదాకా వచ్చాను, ఐదో వరుసలో బి ఎంతో తెలియలేదు" అని రాయండి. మొదటి మాట వింటే ఏ గురువయినా ఓదార్చగలడు, అంతే. రెండో మాట వింటే పాఠం చెప్పగలడు.