సైజు బట్టకా... మనకా?

మా నాయనమ్మ వాళ్ల కాలంలో ఎవరైనా గుమ్మంలో అడుగుపెట్టగానే వినిపించే మాట ఒకటుండేది. ‘ఏమే, అలా చిక్కిపోయావ్! ఒంట్లో బాగోలేదా?’ అని. ఆ మాటలో దిగులుండేది. పుట్టింటికొచ్చిన కూతురు కాస్త ఒళ్లు చేస్తే తల్లికి సంతోషం. అత్తింట్లో తిండికి లోటు లేదని ధీమా. కొత్త కోడల్ని ‘నిండుగా ఉంది’ అంటే అది మెచ్చుకోలే.

ఇప్పుడు ఆ మాటలే తిరగబడ్డాయి. పెళ్లిలో ఎవరైనా ‘అబ్బ, చిక్కిపోయావే’ అంటే మొహం వెలిగిపోతుంది. ‘కాస్త ఒళ్లు చేసినట్టున్నావ్’ అంటే ఆ పూట విందు భోజనం కూడా రుచించదు. మాటలు అవే. మారింది మన చూపు.

ఆ చూపును మార్చింది ఎవరంటే సినిమాలంటారు, టీవీలంటారు, ఇప్పుడైతే ఫోన్లంటారు. అవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం మరొకటి కూడా కనిపిస్తుంది. రెడీమేడ్ బట్టల మెడ వెనకాల కుట్టే చిన్న చీటీ!

జాకెట్టు బిగుతైతే మన ఆడవాళ్లు ఏమంటారు? ‘ఈ జాకెట్టు నాకు పట్టడం లేదు’ అంటారు. గమనించారా? తప్పు జాకెట్టుది. పట్టాల్సింది అది. పట్టకపోతే పక్క కుట్టు ఒకటి విప్పుతారు. అంతటితో సరి. అదే రెడీమేడ్ షాపులో అయితే ‘మీరే సైజు మేడమ్?’ అని అడుగుతారు. ‘నేను ఎక్స్‌ఎల్’ అంటాం. బట్టకు ఉండాల్సిన సైజు కాస్తా ఇంటిపేరులా మన పేరుకు అతుక్కుపోయింది. ఇక ఆ బట్ట పట్టకపోతే తప్పు ఎవరిది? మనదే!

సన్నబడ్డాక కొనుక్కుంటాను

మా మేనకోడలు ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరింది. ఇంటర్ రెండేళ్లూ యూనిఫామే కాబట్టి బట్టల గొడవ లేదు. డిగ్రీకి రోజూ రంగు బట్టలు కావాలి. తమ్ముడు నా చేతిలో 3 వేలు పెట్టి ‘అక్కా, నాలుగు జతలు నువ్వే దగ్గరుండి కొనిపెట్టు’ అన్నాడు.

విజయవాడలోనే ఓ పెద్ద బట్టల షాపుకెళ్లాం. పిల్ల హుషారుగా ఆరేడు కుర్తీలు ఏరుకుని ట్రయల్ రూములోకి వెళ్లింది. ఎంతకీ బయటికి రాదు. తలుపు కొడితే ‘వద్దులే అత్తా, ఇంటికెళ్లిపోదాం’ అంది. లోపలికెళ్లి చూద్దును కదా, ఓ కుర్తీ జబ్బల దగ్గర ఇరుక్కుపోయి ఉంది. నడుం దగ్గర వదులే, చేతులు మాత్రం పట్టలేదు. దానికంటే పెద్ద సైజు వేస్తే చేతులు పట్టాయి కానీ భుజం కుట్టు జారి కిందికొచ్చింది. బయట నుంచున్న అమ్మాయి ‘దీనిపైన సైజు రాదు మేడమ్’ అంది. పాపం, ఆ పిల్ల మామూలుగానే అంది. మా పిల్లకది వేరేగా వినిపించింది.

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడూ అంతే. మూడోరోజు మరదలు ఫోన్ చేసి ‘వదినా, రాత్రిళ్లు మజ్జిగ తాగి పడుకుంటోంది. సన్నబడ్డాకే బట్టలు కొనుక్కుంటుందట’ అంది. కాలేజీ మొదలయ్యేది వచ్చే సోమవారం. సన్నబడేది ఎప్పుడో! అప్పటిదాకా పాత డ్రెస్సుల మీద చున్నీ నిండా కప్పుకుని వెనక బెంచీలో కూర్చుంటుందట. స్నేహితులతో సినిమా వద్దట, ఫ్రెషర్స్ డేకి వెళ్లదట. చేతి చుట్టూ ఉన్న ఓ అంగుళం కోసం పద్దెనిమిదో ఏడంతా వాయిదా!

నవ్వొచ్చినా నవ్వలేకపోయాను. ఎందుకంటే ‘సన్నబడ్డాక’ అన్న మాట ఒక్క మా పిల్లది కాదు. ఏ ఇంట్లో బీరువా తెరిచినా పై అరలో ఓ మూట ఉంటుంది. ఎప్పటికైనా పడతాయని దాచిన బట్టలవి. తీసి వేసుకోలేం, ఎవరికీ ఇవ్వలేం. బీరువా తెరిచినప్పుడల్లా ‘నువ్వింకా సన్నబడలేదు’ అని గుర్తుచేయడమే వాటి పని.

రోడ్డు దాటేలోపు లావెక్కుతామా?

అసలీ సైజులు ఎవరు పెట్టారు? అమెరికాలో 1939, 40 సంవత్సరాల్లో అక్కడి వ్యవసాయ శాఖవాళ్లు దాదాపు 15 వేల మంది ఆడవాళ్లను కొలిపించారు. ఒక్కొక్కరికీ యాభైకి పైగా కొలతలు. ఆ లెక్కలు 1941లో అచ్చయ్యాయి. అయితే వాటిలో తెల్లవాళ్ల కొలతలే తీసుకుని మిగతావాళ్లవి పక్కన పెట్టేశారు. వాటి ఆధారంగా 1958లో ఆడవాళ్ల బట్టల సైజులకు ఓ ప్రమాణం పెట్టుకున్నారు. అదీ శాశ్వతంగా నిలవలేదు. 1983లో ఎత్తేశారు. ఇక ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీదే. అందుకే ఒకే మనిషి ఓ షాపులో ‘ఎల్’, ఎదురు షాపులో ‘డబుల్ ఎక్స్‌ఎల్’ అవుతుంది. రోడ్డు దాటేలోపు ఎవరూ అంత లావెక్కరు కదా!

మన దగ్గరైతే కంపెనీలు చాలావరకు అమెరికా, బ్రిటన్ కొలతలనే కాస్త అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చాయి. మనవాళ్ల ఒంటి తీరుకు తగిన పట్టిక కావాలని 2018లో కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి ‘ఇండియా సైజ్’ సర్వే తలపెట్టాయి. 15 నుంచి 65 ఏళ్ల లోపువాళ్లను 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అంటే, బట్టలు మనకు సరిగ్గా కుదరడం లేదన్న సంగతి ప్రభుత్వానికి కూడా తెలిసిందన్నమాట. తెలియనిది ట్రయల్ రూములో ఏడ్చే పిల్లలకే.

ఇంకో కిటుకు చెప్తాను. ఫ్యాక్టరీలో ముందు ఓ మధ్య సైజు కుట్టి ఒక మనిషికి తొడిగి చూస్తారు. అది కుదిరాక పెద్ద సైజులకు అక్కడింత, ఇక్కడింత అని లెక్కప్రకారం కలుపుతూ పోతారు. కాగితం మీద బాగానే ఉంటుంది. మనిషి ఒళ్లు అలా లెక్కప్రకారం పెరగదే! ఒకరికి జబ్బలు, ఒకరికి తుంటి, ఒకరికి పొట్ట. ఈసారి షాపుకెళ్లినప్పుడు అద్దాల దగ్గర నిలబెట్టిన బొమ్మ వెనక్కెళ్లి చూడండి. ముందువైపు అంత చక్కగా అతుక్కున్న డ్రెస్సుకు వీపు వెనక గుండుసూదులో, క్లిప్పులో కనిపిస్తుంటాయి. ఆ బట్ట బొమ్మకే పట్టలేదు... ఇక మనమెంత!

టేపుకు కళ్లుండవు

మర్నాడే పిల్లను మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఇంటి ముందుగదే ఆవిడ షాపు. ఓ మిషను, ఓ బల్ల, గోడకు వేలాడే ఆది జాకెట్ల సంచులు. మెళ్లో టేపు తీసి ‘రామ్మా’ అంది. భుజం, ఛాతీ, నడుం, చంక, చెయ్యి... ఒక్కొక్కటే కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఏ అంకె దగ్గరా ఆగలేదు, కనుబొమ్మ ఎత్తలేదు.

మా పిల్లే ఉండబట్టలేక ‘నా చేతులు లావు కదా ఆంటీ’ అంది.

ఆవిడ తలెత్తకుండానే ‘చెయ్యి 14. చంక కింద చిన్న ముక్క వేస్తాను. బస్సులో పైన రాడ్డు పట్టుకున్నా బిగుసుకోదు. లోపల రెండు వేళ్ల బట్ట వదులుతున్నా. లావైతే విప్పుకో, సన్నబడితే ఇంకో కుట్టు వేయించుకో’ అంది.

చూశారా! ఆవిడ లెక్కలో ‘లావు’ లేదు, ‘14’ ఉంది. జాకెట్టు పక్కన రెండు మూడు వరసల కుట్లు వేసి లోపల బట్ట వదిలే అలవాటు వెనక పెద్ద తెలివి ఉంది. ఆడపిల్ల ఎదుగుతుంది, పెళ్లవుతుంది, పిల్లల్ని కంటుంది, జబ్బుపడుతుంది, కోలుకుంటుంది. ఒళ్లు ఒక్కలా ఉండదు. ఆ మార్పుకు ముందుగానే బట్టలో చోటు ఉంచారు. మగవాళ్ల ప్యాంటుకు వెనక కుట్టులో బట్ట వదలడమూ అందుకే. ఇక చీర సంగతి చెప్పాలా? అయిదున్నర మీటర్లు. పదహారేళ్ల పిల్లకూ అదే, ఎనభై ఏళ్ల అమ్మమ్మకూ అదే. ‘నీకు రాదు’ అని చీర ఎవరినీ అనదు.

మూడు వేల లెక్క

కుట్టించుకోవడం ఖరీదు కదా అంటారా? మా లెక్క వినండి. వన్‌టౌన్‌లో తిరిగి మంగళగిరి కాటన్ రెండు రంగులు తీసుకున్నాం. కుర్తీకి రెండున్నర మీటర్లు, మీటరు 220. రెండింటికీ కలిపి 1,100. మరదలి పాత నారాయణపేట చీర కొంగు దగ్గర చిరిగి మూలపడి ఉంటే అందులోంచి ఇంకో రెండు కుర్తీలు వచ్చాయి. దాని అంచు చేతులకూ కింది వరసకూ వేయిస్తే కొత్తదానికంటే ఇదే బాగుంది. నాలుగింటికీ కుట్టుకూలి 1,200. రెండు కాటన్ ప్యాంట్లు 500, ఓ చున్నీ 150. మొత్తం 2,950. మిగిలిన 50 పెట్టి చెరకురసం తాగాం. మొదట వద్దని, తర్వాత సగం గ్లాసంటూనే పిల్ల మొత్తం తాగేసింది.

ఆ షాపులో ఒక్క కుర్తీ 1,299. సరిగ్గా పట్టని బట్టను నాలుగుసార్లు వేసి మూలపడేస్తాం. అంటే వేసుకున్న ప్రతిసారికీ 325 రూపాయలు. ఈ మంగళగిరి కుర్తీకి బట్ట, కూలి కలిపి 850. వారానికోసారి వేసినా ఏడాదికి 50 సార్లు. ఒక్కసారికి 17 రూపాయలు. ఏది చౌక?

స్టైల్ అంటే బోలెడు డబ్బు పోయాలని అనుకుంటాం కానీ చూసే కంటికి ముందు తెలిసేది బట్ట ధర కాదు, కుదిరిన తీరు. భుజం కుట్టు భుజం చివర ఉండాలి. చెయ్యెత్తితే మొత్తం డ్రెస్సు పైకి లేవకూడదు. కూర్చుంటే ముందు ముడతలు పడి లాగకూడదు. ఈ మూడూ కుదిరితే మామూలు కాటనూ దర్జాగా ఉంటుంది. నేత బట్ట అయితే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకివ్వాలి. లేదంటే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి మళ్లీ మనల్నే తిట్టుకుంటాం!

తీరిక లేనివాళ్లు రెడీమేడ్ కొనొద్దని నేననను. ఒంట్లో ఎక్కడ వెడల్పో అక్కడికి సరిపోయే సైజు తీసుకుని మిగతాచోట్ల కుట్టు వేయించుకోవచ్చు. ఇంటికి రాగానే మెడ వెనక చీటీ కత్తిరించి పారేయండి. పెద్ద అంకె కొన్నామని ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు మనమూ మర్చిపోతాం.

అలాగని ఒళ్లు ఎంత పెరిగినా ఫర్వాలేదని చెప్పడం లేదు. బరువు సంగతి చెప్పాల్సింది డాక్టరు, ట్రయల్ రూము కాదు. నడవాలనిపిస్తే నడుద్దాం, మోకాళ్ల కోసమో షుగరు కోసమో. కానీ పిల్లలు బట్ట పట్టలేదని తిండి మానేస్తుంటే మాత్రం ‘వయసులో మామూలేలే’ అని వదిలేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వారాల తరబడి అలాగే ఉంటే డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా చుట్టాల ముందు ‘మా అమ్మాయి కాస్త బొద్దు’ అంటూ నవ్వకండి. మనకది సరదా మాట. వాళ్లు దాన్ని ఎన్నేళ్లు మోస్తారో మనకు తెలియదు.

మా పిల్ల ఒక్కరోజులో మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ ఎవరైనా ఫొటో తీస్తుంటే చేతులు చున్నీ కిందికి పోతాయి. అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోవడమూ మానలేదు. కాకపోతే రాత్రి అన్నం తింటోంది. ఫ్రెషర్స్ డేకి ఆ నారాయణపేట కుర్తీయే వేసుకెళ్లింది. మొన్న ఫోన్ చేసి ‘అత్తా, ఆ నీలం కుర్తీ ఛాతీ దగ్గర పట్టడం లేదు’ అంది.

‘నేను లావయ్యాను’ అనలేదు. ‘పట్టడం లేదు’ అంది. నాకెంత హాయిగా అనిపించిందో!

‘దానికేముందే... లోపల రెండు వేళ్ల బట్ట ఉందిగా, విప్పించుకో’ అన్నాను.