ఇంటిపేరు గెట్

పొద్దున్నే కాఫీ పూర్తికాకముందే ఫోన్‌లో ఒక పట్టిక దిగుతుంది. వెనకాల గులాబీ పువ్వు, పైన శుభోదయం, కింద ఆ రోజు వంతుకొచ్చిన ఇంగ్లీషు క్రియ. మొన్న టేక్, నిన్న పుట్, ఇవాళ గెట్. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ బై, గెట్ ఓవర్, గెట్ అక్రాస్, గెట్ అవే, ఇంకా కిందికి జరిపితే ఇంకొన్ని. ఒక్కోదాని పక్కన తెలుగులో అర్థం, దాని పక్కన రాముడి మీద ఒక వాక్యం. ఈ పట్టికల్లో రాముడు పాపం ఎప్పుడు చూసినా ఐదింటికే నిద్ర లేస్తూ ఉంటాడు. లేచి ఏం చేస్తాడో ఎవరూ చెప్పరు.

పంపేది మా తోడల్లుడు. మా ఆవిడ అక్కగారి భర్త, అన్నయ్యగారూ అని పిలుస్తాను. ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్టులు రాయడంలో ఆయనది పెద్ద పేరు. ఆయన రాసిన ఫైలులో పై అధికారులు కామా కదపడానికి కూడా జంకేవాళ్లు. అంతటి మనిషి కిందటేడు కూతురింటికి డాలస్ వెళ్లాడు. ఒకరోజు మనవడు ఫ్రిజ్ తలుపు తీసి, 'తాతా, వి రాన్ అవుట్ ఆఫ్ మిల్క్' అన్నాడట. ఈయనకు తెలిసిన రనౌట్ ఒక్కటే. 'హూ రాన్ అవుట్?' అని అడిగాడు. పిల్లాడు ఒక్క క్షణం చూసి, 'నెవర్ మైండ్' అని వెళ్లిపోయాడు. పాల సంగతి ఆయన అప్పుడే మర్చిపోయాడు. ఆ నెవర్ మైండ్ మాత్రం ఆరు నెలలు అక్కడే ఉన్నా, తిరిగొచ్చాక కూడా, మర్చిపోలేకపోతున్నాడు. వచ్చిన మర్నాటి నుంచీ ఈ పట్టికలు మొదలు. తను చదువుకోవడమే కాక చుట్టాలందరికీ చదువు చెప్పాలని పూనుకున్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. పట్టిక కట్టినవాడి మీద ఉంది. గెట్ ఉన్నవన్నీ ఒకచోట, పుట్ ఉన్నవన్నీ ఒకచోట పెట్టడం ఎవడికి తట్టిందో గానీ, ఇంటిపేరు ఒకటే కదా అని పెళ్లికొచ్చిన వాళ్లందర్నీ ఒకే గదిలో పడుకోబెట్టినట్టుంది. వాళ్లలో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లుంటారు. జబ్బు నుంచి తేరుకోవడానికీ, అరకొర జీతంతో నెట్టుకురావడానికీ, తప్పుచేసి తప్పించుకోవడానికీ మధ్య ఏమిటి చుట్టరికం? విడివిడిగా ఎదురైతే ఏ ఒక్కటీ ఇంకోదానిలా అనిపించదు. వరసగా పేర్చాక మాత్రం ఏది ఏదో తెలియదు. ఆ గందరగోళం ఇంగ్లీషులోది కాదు, పట్టిక తెచ్చిపెట్టింది.

ఇలా క్రియకు చిన్నమాట తగిలించే ఇంగ్లీషు పద్ధతి మన ఒక్కరి బాధ కూడా కాదు. 1755లో నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, పరదేశులకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టం ఇదేనని. అంచేత శ్రద్ధగా ఏరి పెట్టానని కూడా చెప్పుకున్నాడు. దీనికి ఇప్పుడు మనం వాడే ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది 1925లో, లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో. ఆ పేరు హెన్రీ బ్రాడ్లీ సూచించాడని స్మిత్ చెప్పాడు. నన్నడిగితే పేరు పెట్టడమే కొంప ముంచింది. పేరొస్తే పాఠం వస్తుంది, పాఠం వెనకే ఖాళీలు పూరించండి వస్తుంది.

అసలు తమాషా ఆగ్డెన్‌ది. కేంబ్రిడ్జిలో చదివిన సి.కె. ఆగ్డెన్ 1930లో బేసిక్ ఇంగ్లీష్ అని ఒకటి తయారుచేశాడు. లోకమంతా తేలిగ్గా నేర్చుకోవడానికి మొత్తం 850 మాటలు, అందులో క్రియలు 18. గెట్, పుట్, టేక్, గో, కమ్, గివ్ లాంటివి. ఎంటర్ తీసేశాడు, గో ఇన్ ఉందిగా అన్నాడు. ఎక్స్‌టింగ్విష్ తీసేశాడు, పుట్ అవుట్ చాలన్నాడు. 1943లో హార్వర్డ్‌లో మాట్లాడుతూ చర్చిల్ కూడా దీన్ని మెచ్చుకున్నాడు. ఆ 18 క్రియలకూ అప్పులూ ఆఫులూ ఇన్నులూ అవుట్లూ తగిలిస్తే ఎన్ని పుట్టుకొస్తాయో, అవి నేర్చుకునేవాడి గతేమిటో మాత్రం ఆ 850 లెక్కలోకి రాలేదు. ఇంగ్లీషువాడికి ఎక్స్‌టింగ్విష్ కష్టం, పుట్ అవుట్ సులువు. మనకు అది సరిగ్గా తిరగబడుతుంది. ఆర్టీసీ బస్సులో ఎర్ర సిలిండర్ మీద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అని రాసుంటే చదువుకుంటూ పెరిగిన వాళ్లం. పుట్ అవుట్ మనకెక్కడ కనిపించింది?

మన చదువే అలాంటిది. అక్కడ పసిపిల్ల ముందు పుట్ ఆఫ్ అంటుంది, పెద్దయ్యాక పోస్ట్‌పోన్ నేర్చుకుంటుంది. ఇక్కడ వానలకు పరీక్షలు పోస్ట్‌పోన్ అయ్యాయని హాస్టలంతా గంతులేస్తుంది. పుట్ ఆఫ్ అయ్యాయని అరిచిన కుర్రాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇది చాలక ప్రీపోన్ కూడా మనమే వాడుకలో పెట్టాం. దాన్ని ఇప్పుడు నిఘంటువుల్లోకి కూడా ఎక్కించుకున్నారు. మా తోడల్లుడి ఇంగ్లీషు కోర్టుదీ కచేరీదీ. వంటింటి ఇంగ్లీషు ఆయన చెవిన పడే దారే లేదు. మనవడిది మొత్తం వంటింటి ఇంగ్లీషే. ఇద్దరిలో ఎవరిది మంచి ఇంగ్లీషంటే నేను తేల్చలేను. దరఖాస్తు రాయాల్సి వస్తే మాత్రం తాతగారి దగ్గరికే వెళ్తాను.

అయితే తెలుగువాడికి ఇవి బొత్తిగా రావనడం కూడా అన్యాయం. ఏ పట్టికా చూడని ఆటో డ్రైవర్ 'బండికి పికప్ లేదు సార్' అంటాడు. సినిమాకెళ్లొచ్చిన వాడు ఫస్టాఫ్ స్లో, సెకండాఫ్‌లో పికప్ అయిందంటాడు. బస్సు బ్రేక్‌డౌన్ అవుతుంది, ఫోన్ స్విచాఫ్ వస్తుంది, పెళ్లిసంబంధం వర్కవుట్ కాదు, డాక్టరు చెకప్‌కి రమ్మంటాడు, డిగ్రీ పిల్లలు సెండాఫ్‌లో ఏడుస్తారు, ఇంజినీరింగ్ సీటు కటాఫ్ దగ్గర ఇంటర్ పిల్లల అమ్మానాన్నలు ఏడుస్తారు. షూటింగులో ప్యాకప్ అన్న మాటకు లైట్‌బాయ్ కన్నా ముందు కదిలేవాడు లేడు. వీటన్నిట్లో నాకు ప్రాణం బిల్డప్. 'ఎందుకురా అంత బిల్డప్ ఇస్తావు' అన్న ప్రశ్నలో ఉన్న వెటకారం ఇంగ్లీషువాడి బిల్డప్‌లో ఉందంటే నేను నమ్మను. గెటప్ సంగతి సరేసరి. పట్టికలో అది రాముడు ఐదింటికి చేసే పని. మనకు గెటప్ అంటే విగ్గు, అతికించిన మీసం, పోస్టర్ కింద జనం.

ఇవన్నీ ఎలా వచ్చాయి? బస్సు ఆగిపోయినప్పుడు బ్రేక్‌డౌన్ వచ్చింది. ఎండలో దిగి నిలబడ్డవాడికి దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకైతే రేడియోలోంచి వచ్చాయి. ఆ వచ్చినవాటికి మా ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఎర్రసిరా పూశారు. తొమ్మిదో తరగతిలో మా ఊరి జాతర మీద వ్యాసం రాయమంటే, 'ది రెయిన్ హెల్డ్ ఆఫ్ టిల్ ఈవెనింగ్' అని రాశాను. సాయంత్రం దాకా వాన ఆగింది, రథం కదిలాక కురిసింది, జరిగింది అదే. మాస్టారు హెల్డ్ ఆఫ్ మీద అడ్డంగా గీత కొట్టి, పైన డిడ్ నాట్ కమ్ అని రాశారు. అరమార్కు తీసేశారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నన్ను లేపి నిలబెట్టి, 'వాన నీ చెయ్యేమైనా పట్టుకుందా?' అని అడిగారు. తరగతంతా ఒకటే నవ్వు. ఎక్కడ నేర్చుకున్నావంటే రేడియోలో విన్నానని చెప్పాను. 'రేడియో వినేవాడికి ఇంగ్లీషెందుకు, కూర్చో' అన్నారు. ఆయన చేతిలో అట్టవేసిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఎప్పుడూ ఉండేది. దాన్ని తెరవగా చూసింది తక్కువ, దాంతో బల్లమీద కొట్టగా చూసింది ఎక్కువ. డిడ్ నాట్ కమ్! వాన రాకపోవడమేమిటి, వచ్చిందని కింది లైన్లోనే రాశాను కదా. రావాల్సింది, మబ్బు పట్టింది, ఇదిగో అదిగో అంటూ నిలిచింది. అదంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఇంగ్లీషు నిఘంటువు కనిపిస్తే ముందు హోల్డ్ దగ్గర తెరుస్తాను. హోల్డ్ ఆఫ్ ఉంటుంది, కొన్నిటిలో వాన ఉదాహరణతో సహా ఉంటుంది. ఆ పేజీ చూపించడానికి మాస్టారు లేరు.

ఆ వాక్యం నాకు దొరికింది బస్టాండు పక్కన సైకిల్ షాపులో. టెస్టు మ్యాచి ఐదు రోజులూ అక్కడ ట్రాన్సిస్టర్ మోగుతూ ఉండేది. ఆకాశవాణి కామెంటరీ కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో నడిచేది. సురేష్ సరయ్యా, అనంత్ సెతల్వాడ్, నరోత్తమ్ పురీ గొంతులు మాకు చుట్టాల గొంతుల్లా తెలుసు. షాపు యజమానికి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. ట్యూబు నీళ్ల తొట్టెలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో వెతుకుతూనే, 'ఏమంటున్నాడ్రా?' అని నన్నడిగేవాడు. చెప్పకపోతే కూర్చోనిచ్చేవాడు కాదు. అలా నాకు దుబాసీ ఉద్యోగం వచ్చింది. జీతం, అద్దె సైకిలు ఒక రౌండు ఉచితం.

జనం ఒక్కసారి హోరెత్తి, అంతలోనే ఊ... అని చల్లబడేవాళ్లు. కామెంటేటర్ 'హీ గాట్ అవే విత్ దట్ వన్' అనేవాడు. 'క్యాచ్ వదిలేశారు' అని నేననేవాడిని. 'బతికిపోయాడు వెధవ' అని ఆయన బుడగ దగ్గర వేలు పెట్టి, గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టేవాడు. గెట్ అవే విత్ అంటే నాకు ఈ రోజుకీ ఆ రబ్బరు సొల్యూషన్ వాసనే. కొత్త బంతిని సీ ఆఫ్ చేయడం, క్రీజులో డిగ్ ఇన్ అవడం, హోల్డ్ ఆన్ అవడం, ఇవన్నీ ఒక్కొక్కటే, దేని సమయానికి అది వచ్చాయి. రెండు ఒకేసారి వచ్చి కలగాపులగమైంది ఒక్కనాడూ లేదు. తర్వాత కపిల్‌దేవ్ బొమ్మతో ర్యాపిడెక్స్ ఇంగ్లీషు పుస్తకం ప్రకటనలు వచ్చినప్పుడు అందరూ వింతపడ్డారు గానీ మా షాపాయన వింతపడలేదు. 'క్రికెట్ ఆడేవాడు కాకపోతే ఇంగ్లీషు ఇంకెవడు చెబుతాడు?' అన్నాడు.

క్రికెట్ నేర్పిన వాటిల్లో రాజు ఫాలో ఆన్. మా తోడల్లుడి పట్టికలో ఫాలో ఉన్న రోజున కూడా అది లేదు. ఇదేమిటి అన్నయ్యగారూ అని ఫోన్ చేస్తే, 'అది క్రికెట్ మాట కదయ్యా' అన్నాడు. క్రికెట్ మాటైతే ఏం? 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 కొట్టింది, మనవాళ్లు 171కే ఆలౌట్. అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచొచ్చిన స్టీవ్ వా ఫాలో ఆన్ ఆడమన్నాడు. ఫాలో ఆన్ అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలుగునాట తెలియని ఇల్లాలు లేదు. మళ్లీ బ్యాటింగా, అయ్యో అనుకున్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో దిగి 59 కొట్టిన మన హైదరాబాదు లక్ష్మణ్‌ని ఈసారి మూడో స్థానంలో పంపారు. మూడో రోజు ముగిసేసరికి 254కి నాలుగు వికెట్లు. నాలుగో రోజు, మార్చి 14న, పొద్దున్న దిగిన లక్ష్మణ్, ద్రవిడ్ సాయంత్రం దాకా ఉన్నారు. రోజంతా ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులు వచ్చాయి. లెగ్ స్టంప్ బయట గరుకులో వార్న్ వేసిన బంతిని లక్ష్మణ్ ఓసారి ముందుకొచ్చి కవర్స్‌లోకి, అలాంటి బంతినే ఇంకోసారి మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. ఈ రెంటిలో ఏది గొప్పదని మా తోడల్లుడికీ నాకూ ఇప్పటికీ పడదు. ఆయనది కవర్స్ పక్షం. నాది మిడ్‌వికెట్.

281 దగ్గర లక్ష్మణ్ వెళ్లాడు, ద్రవిడ్ 180. ఇద్దరూ కలిసి 376.