సొంత ఇంటికి కన్నం

"పెరటి తలుపుకి కన్నం పెడుతున్నానమ్మా" అని ఫోనులో చెప్పగానే అవతలినుంచి కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. అమ్మ ఆలోచిస్తున్నది.

"దొంగలు వేయాల్సిన కన్నం నువ్వే వేసుకుంటావట్రా?" అన్నది చివరికి.

తెలుగులో ఈ చిక్కు ఉన్నది. గోడకైనా తలుపుకైనా మనిషి దూరేటంత రంధ్రం చేస్తే దానికి మన భాషలో ఉన్న పేరు కన్నమే. ఆ పని చేసేవాడికి ఉన్న పేరు కన్నపుదొంగే. ఇంగ్లండులో మాత్రం పెంపుడు పిల్లి రాకపోకల కోసం తలుపు అడుగున రంధ్రం కోసి, దానికి వేలాడే చిన్న రెక్క బిగించుకోవడం ఎవరూ వింతగా చూడని సంగతి. దానికొక తెలుగు మాట కావాలని చాలాసేపు వెతికాను. మార్జాలద్వారం అంటే దేవాలయం గుర్తొస్తుంది. పిల్లికన్నం అంటే అమ్మ ఒప్పుకోదు. ఆఖరికి మా ఊళ్ళో ప్రహరీ వాకిలి పెద్ద తలుపులో మనుషులు వంగి వెళ్ళడానికి ఉండే దిడ్డి గుర్తొచ్చింది. అందుకని దీన్ని పిల్లిదిడ్డి అని పిలుచుకుంటున్నాను. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే సంతోషంగా మార్చుకుంటాను.

పిల్లి మాది కాదు. ఎక్సెటర్‌లో మా పక్కింట్లో ఒంటరిగా ఉండిన పెద్దావిడది. పేరు టోబీ, రంగు ఇటుకపొడి. ఆవిడ వంటింటి కిటికీ వానలోనూ చలిలోనూ జానెడు తెరిచే ఉండేది. అది టోబీ దారి. 2022 శరత్కాలంలో ఆవిడ వృద్ధాశ్రమానికి వెళ్ళిపోవలసి వచ్చింది. అక్కడ పిల్లులకు చోటు లేదు. వెళ్ళేముందు నా చేతిలో గిన్నె పెట్టి, దానికి మూసిన తలుపులు అలవాటు లేవని మాత్రం చెప్పింది. ఇల్లు అమ్ముడుపోయింది, కొత్తవాళ్ళు మొదట చేసిన పని ఆ కిటికీ మూయడం. వాళ్ళ తప్పేమీ లేదు.

అప్పటినుంచి ఏడాదిన్నర పాటు మా ఇంటి ద్వారపాలకుణ్ణి నేనే. రాత్రి పదకొండుకు ఒకసారి, రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తలుపు గీరేది. తీస్తే గడప మీద కూర్చుని, లోపలికా బయటికా అని తీరిగ్గా విచారించేది. ఈలోగా డెవన్ చలి మొత్తం వంటింట్లోకి వచ్చేది. ఒక జనవరి రాత్రి రైలు రద్దయి నేనూ మా ఆవిడా వేరే ఊళ్ళో చిక్కుబడిపోయాం. మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూస్తే పెరట్లో కుండీలమీద మంచు ఇంకా కరగలేదు. టోబీ పాత కిటికీ కింద, పక్కింటి గోడ వారన ముడుచుకుని ఉన్నది. మా తలుపు దగ్గర కాదు. ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ రాసిన మిల్లర్ కథలో, గదిలో ఏమి జరుగుతున్నదో చూడడానికి నౌకరు తలుపు అడుగున పిల్లి దూరే కన్నంలోంచి తొంగిచూస్తాడు. పెద్ద పిల్లికి పెద్ద కన్నమూ, కూనకు చిన్న కన్నమూ చేయించాడని న్యూటన్ మీద చెప్పుకునే వేళాకోళం కథ మీరు వినే ఉంటారు. కానీ న్యూటన్ పుట్టడానికి రెండు వందల యాభై ఏళ్ళ ముందే చాసర్ పాఠకులకు ఈ కన్నం తెలుసు. మా ఊరి పెద్ద చర్చిలోనే ఒకటి ఉన్నది. ఉత్తర భాగంలో పురాతనమైన ఖగోళ గడియారం కింద చిన్న చెక్కతలుపు, దాని అడుగున గుండ్రటి రంధ్రం. 1598లో ఆ రంధ్రం కోసినందుకు వడ్రంగులకు ఎనిమిది పెన్నీలు ఇచ్చినట్టు చర్చి లెక్కల్లో ఉన్నది. అంతకు ముందు, 1305 మొదలు 1467 దాకా ఉన్న పద్దుల్లో పిల్లి పోషణకు వారానికి ఒక పెన్నీ చొప్పున రాసుకున్నారు. గడియారం తాళ్ళకు పూసిన కొవ్వు కోసం ఎలుకలు చేరేవనీ, వాటికోసం పిల్లి అనీ చెబుతారు.

ఆ తలుపు చూసినప్పుడల్లా మా నాయనమ్మ కొట్టుగది గుర్తొస్తుంది. ధాన్యం బస్తాలుండే ఆ గది తలుపుకి కింద మూల చెక్క ఊడిపోయి ఉండేది. తాతయ్య బాగుచేయిస్తానంటే నాయనమ్మ పడనిచ్చేది కాదు. పాలూ పెరుగూ ఉట్టిమీద పెట్టి పిల్లికి అందకుండా చూసుకున్న మనిషే, ధాన్యం గదికి మాత్రం దానికి దారి వదిలింది. ఎక్కడ మూయాలో, ఎక్కడ తెరవాలో ఆవిడకు స్పష్టంగా తెలుసు.

సరే, పనిలోకి వద్దాం. మా పెరటి తలుపు పైసగం అద్దం, కిందిసగం ప్లాస్టిక్ పలక. అద్దంలో పెట్టుకోవచ్చా అని అద్దాల పనివాణ్ణి అడిగితే నవ్వాడు. అది వేడిచేసి గట్టిపరిచిన అద్దం. కోయబోతే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. రంధ్రం కావాలంటే గట్టిపరచక ముందే కార్ఖానాలో చేయించి, కొత్త జంట అద్దం తెచ్చి బిగించాలి. ఆ ఖర్చు వినగానే నా దృష్టి కింది పలక మీదికి దిగింది.

కన్నం ఎంత ఎత్తులో ఉండాలన్నది మొదటి ప్రశ్న. రెక్క కింది అంచు పిల్లి పొట్ట ఎత్తుకు సరిపోవాలి. మరీ ఎత్తయితే ముసలి పిల్లి దూకలేదు, మరీ కిందైతే పాకాలి. టేపు తీసుకుని టోబీ పొట్ట కిందికి చేరాను. అది టేపును పాముగా భావించి యుద్ధానికి దిగింది. ఆ అవస్థలో నాకు మృచ్ఛకటికంలో శర్విలకుడు జ్ఞాపకం వచ్చాడు. చారుదత్తుడి ఇంటికి కన్నం వేయబోతూ, పద్మం ఆకారమా, నెలవంకా, స్వస్తికమా, పూర్ణకుంభమా అని శాస్త్రప్రకారం తర్కించి, కొలతాడు మరిచిపోయి వచ్చానని గ్రహించి, జంధ్యంతో కొలుచుకుంటాడు. ఆయన పూర్ణకుంభం ఎంచుకున్నాడు. నాకు ఆ స్వేచ్ఛ లేదు, పెట్టెలో వచ్చిన కాగితం నమూనా నలుచదరం. మూడో ప్రయత్నంలో పొట్ట ఎత్తు పదిహేను సెంటీమీటర్లని తేలింది.

నమూనాను పలక మీద అంటించి, రసమట్టంతో సరిచూసి, నాలుగు మూలలా డ్రిల్లుతో రంధ్రాలు వేశాను. ఒక మూల రంధ్రంలోకి జిగ్‌సా రంపం దింపి రెండో మూలదాకా, అక్కడినుంచి మూడోదాకా. పలక లోపల నురుగులాంటి తెల్లటి పదార్థం, చలి ఆపడానికి. అది పొడిపొడిగా వంటింటి నిండా కురిసింది. మొదటి రంధ్రం అవతలికి వెళ్ళి, అందులోంచి సన్నటి గాలి చేతికి తగిలినప్పుడు మాత్రం గుండె జారింది. గోడకు మేకు కొడితే పూడ్చుకోవచ్చు. తలుపు కోస్తే ఇక కోసినట్టే. ఈ దేశంలో పిల్లి పిల్లల్ని తిప్పినట్టు సామాను ఏడిళ్ళు తిప్పిన తరువాత కొనుక్కున్న ఇల్లు. ఎప్పుడైనా వెనక్కి వెళ్ళిపోతామన్న మాట ఇద్దరం ఇంకా అనుకుంటూనే ఉంటాం. వెళ్ళిపోయేవాడు తలుపు కోయడు కదా అనిపించింది. రంపం ఆపి రెండు నిమిషాలు నిలబడ్డాను. తరువాత నాలుగో వైపు కూడా కోసేశాను.

బయటివైపు మెట్టు నాలుగంగుళాలు పల్లం. ఆ సంగతి కోశాక తెలిసింది. లోపల పొట్ట ఎత్తుకు కొలిచినది బయట ఛాతీ ఎత్తయింది. రెండు ఇటుకలు పేర్చి మెట్టు చేశాను. మరలు పొడవై అవతలికి పొడుచుకొచ్చాయి, వాటిని ఇనపరంపంతో కోశాను. ఇంత చేసినా రెక్క నిట్టనిలువుగా వేలాడింది, అడుగున ఉన్న అయస్కాంతం టక్కున పట్టింది. ఆ శబ్దం నాకు ఎంతో గొప్పగా వినిపించింది.

ఇది మామూలు రెక్క కాదు. పిల్లి భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్ ఉంటుంది, అందులో పదిహేను అంకెల సంఖ్య. ఇంగ్లండులో ఇరవై వారాలు దాటిన పెంపుడు పిల్లులన్నిటికీ అది ఉండాలన్న చట్టం 2024 జూన్ 10న అమలులోకి వచ్చింది. మేము అంతకు ముందే వేయించాం. ఆ గింజలో బ్యాటరీ ఉండదు. పిల్లి తల దూర్చినప్పుడు రెక్క చుట్టూ ఉన్న చట్రం పంపే తరంగాలతోనే అది మేలుకుని తన సంఖ్య చెబుతుంది. సంఖ్య తెలిసినదైతే గడి జారుతుంది. వీధిలోని ఇంకే పిల్లి వచ్చి నెట్టినా కదలదు. బయటికి పోవడానికి మాత్రం ఏ సంఖ్యా అక్కర్లేదు. నవంబరు 5న ఊరంతా బాణసంచా కాల్చే రాత్రి లాంటప్పుడు, మీట తిప్పి ఆ దారి కూడా మూయవచ్చు.

ఇదంతా 2024 మేలో వీడియోలో అమ్మకు చూపించాను. ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి.

అంతకు ముందటి ఏడాది వానాకాలంలో, తెనాలి దగ్గరి మా ఊళ్ళో, తెల్లవారుజామున అమ్మ వసారాలో జారిపడింది. ఇంట్లో ఒక్కతే. ముందూ వెనకా తలుపులు లోపల గడియలు వేసి ఉన్నాయి. పాలు పోయడానికి వచ్చిన మనిషికి మూలుగు వినిపించింది. పక్కింటివాళ్ళు గోడ దూకి, గడ్డపారతో పెరటి తలుపు గడియ విరగగొట్టి లోపలికి వెళ్ళేసరికి రెండు గంటలు దాటింది. మణికట్టు విరిగింది, అంతటితో పోయింది. నాకప్పుడు అర్ధరాత్రి. ఫోను చప్పుడు ఆపి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే పదకొండు పిలుపులు.

చెయ్యి బాగయ్యాక అమ్మ చేయించిన మొదటి పని, విరిగిన గడియ స్థానంలో అంతకంటే లావైన గడియ. బయటినుంచి తాళంచెవితో తీయగలిగే తాళం పెట్టించి, ఒక చెవి పక్కింట్లో ఇవ్వమని నేను నెలల తరబడి బతిమాలాను. "నేను లోపల ఉండగా ఇంకొకరు తీయగలిగే తలుపు నాకెందుకురా? అది తలుపేనా?" అనేది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఒంటరిగా ఉండే మనిషికి గడియ ఎంత ధైర్యమో, పదకొండు పిలుపులు చూసుకున్నవాడికి అదే గడియ ఎంత భయమో, రెండూ నిజమే.

వీడియోలో అమ్మ పిల్లిదిడ్డిని జాగ్రత్తగా చూసింది. అప్పుడే టోబీ, నాలుగు రోజులపాటు రెక్క ఎత్తి కట్టి, అవతల కోడిముక్కలు చూపి నేర్పిన విద్యను ప్రదర్శిస్తూ, తల దూర్చి, టక్కుమనిపించి లోపలికి వచ్చింది.

"వేరే పిల్లి వస్తే?"

"తీసుకోదమ్మా."

"దీన్ని గుర్తుపడుతుందా?"

"దీన్నొక్కదాన్నే."

"నువ్వు గడియ వేసుకుని పడుకున్నా అది రావచ్చా?"

"రావచ్చు."

"ఊఁ" అని, వంకాయలు ఎంతకు అమ్ముతున్నారో చెప్పి పెట్టేసింది.

మూడు వారాలు గడిచాక, మాటల మధ్యలో, ఏదో మందులషాపు సంగతి చెబుతూ, "వడ్రంగిని పిలిపించాను. పెరటి తలుపుకి నువ్వు చెప్పిన తాళం వేయించా. ఒక చెవి పక్కింటి కోడలికి ఇచ్చా. ఆ పిల్ల ఒక్కదానికే" అన్నది. నేను ఏమీ అనలేదు. అంటే మళ్ళీ గడియ పెట్టిస్తుందేమోనని భయం. వీధి తలుపు గడియ మాత్రం అలాగే ఉన్నది, అది ఉండనీ.

టోబీ ఇప్పటికీ కొన్ని రాత్రులు దిడ్డి పక్కనే కూర్చుని, తలుపు గీరి నన్ను లేపుతుంది. తన దారి తనకు ఉన్నదని దానికి బాగా తెలుసు. నేను లేచి, రెండో మాట లేకుండా, తలుపు తీస్తాను.