తిథి చెప్పి రావలసిన అతిథి

2016 వేసవిలో లండనులోని మా అమ్మాయి ఇంట రెండు నెలలున్నాను. ఒకనాడు పురపాలక సంఘంవారి కవరొకటి వచ్చింది. ఆ వీధిని నియంత్రిత పార్కింగు మండలంగా మార్చడం మీకు సమ్మతమేనా అని గడపగడపనూ అడిగే ప్రశ్నావళి అది. మారిస్తే వీధివారు ఏటేటా రుసుము కట్టి పర్మిట్టు తీసుకోవాలి. అది లేని కారు నిర్ణీత వేళల్లో నిలిపితే జరిమానా. మన హైదరాబాదు కాలనీలలో ఈ చట్టమంతా ఇంటి ముందు పెట్టిన రెండు పగిలిన పూలకుండీలతో, గేటుకు కట్టిన నో పార్కింగ్ రేకుతో జరిగిపోతుంది కనుక, ఆ కాగితాన్ని నేను మహా శ్రద్ధగా చదివాను.

ఆ వీధికి భూగర్భ రైలు స్టేషను కూతవేటు దూరం. ఏడు గంటలకే ఎక్కడెక్కడివారో వచ్చి, కార్లు నిలిపి రైలెక్కి పోయేవారు. మా అమ్మాయి పసివాణ్ణి చంకనెత్తుకొని, సరుకుల సంచితో రెండు వీధుల అవతలినుండి నడిచి రావడం కళ్ళారా చూశాను. ఆమె సమ్మతమేననడంలో వింత లేదు.

ఎదురింటాయన ససేమిరా అన్నాడు. పర్మిట్టు కొన్నా చోటు దొరుకుతుందన్న పూచీ లేదు, వెదుక్కోవడానికి డబ్బు కట్టాలా అని ఆయన వాదం. వెనుక వీధివారి భయం వేరు: ఇక్కడ కట్టడి చేస్తే ఆ కార్లన్నీ తమ మీద పడతాయి. అదీ నిజమే. బ్రిటనులో తొలి పార్కింగు మీటర్లు 1958లో మేఫెయిరులో పెట్టారు. ఈ కట్టడి నాటినుండి వీధి వెంట వీధిగా శివారులదాకా పాకింది.

నన్ను నిలవేసినది పక్కింటి వృద్ధురాలి మాట. ఒంటరి మనిషి, కారు లేదు. అయినా ఆమెకూ సమ్మతం కాదు. “నాకు కారు లేదు. నన్ను చూడవచ్చేవారికి ఉంది” అన్నది. వచ్చినవారికి ఆమె ఒక చీటీ కొనిపెట్టాలి. దానిమీద సంవత్సరం, నెల, తేదీ గీకి, కారు అద్దం వెనుక ఉంచాలి.

తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని ఏళ్ళ తరబడి తరగతిలో వ్యుత్పత్తి చెప్పినవాణ్ణి. ఇక్కడ తిథి గీకితే గాని అతిథికి నిలువ చోటు లేదు!

ఆ చీటీ వెల కూడా స్వల్ప విషయం కాదు. 2011లో బార్నెట్ పురపాలక సంఘం నివాసుల పర్మిట్టును 40 పౌండ్లనుండి 100కు, అతిథి చీటీని 1 పౌండునుండి 4కు పెంచింది. ఒక నివాసి హైకోర్టుకు వెళ్ళాడు. ఇతర రవాణా ఖర్చులకు మిగులు రాబట్టే ఉద్దేశంతో పెంచడం చెల్లదని, 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టం పన్నులు వేయడానికి కాదని 2013లో తీర్పు వచ్చింది. పత్రికలు ఎక్కువగా పర్మిట్టు గురించే రాశాయేమో గాని, నాకు నాలుగింతలైన ఆ చీటీయే బాధ కలిగించింది. కారున్నవాడు తన సౌకర్యానికి కడతాడు, ఆమె ఒక పలకరింపుకు కట్టాలి.

ప్రశ్నావళిలో రెండవ ప్రశ్న ఉంది: కట్టడి రోజంతానా, మధ్యాహ్నం ఒక్క గంటేనా? ఆ గంట చాలునని మా అమ్మాయితో వాదించాను. రైలెక్కి పోయినవాడు పన్నెండింటికి కారు జరపడానికి తిరిగి రాలేడు. చుట్టమైతే ఆ గంట తప్పించుకొని ఎప్పుడైనా రావచ్చు. “మధ్యాహ్నం పనివాళ్ళెవరైనా వచ్చి నిలిపితే, నాన్నా?” అంటూనే చివరకు ఒక్క గంట దగ్గరే టిక్కు పెట్టింది.

వీధిలో ఎక్కువమంది రోజంతా కావాలన్నారు. సోమవారంనుండి శనివారందాకా అమలయింది. తరువాత చీటీలు పోయి అంతా ఫోనులోకి వచ్చింది. పెద్దావిడకు అది చేతకాదు. ఎవరైనా వస్తే కారు నంబరు మా అమ్మాయే ఎక్కిస్తుంది. ఆ పని అట్టే తగలదని మొన్న చెప్పింది. చుట్టాలందరూ ఇప్పుడు ఆదివారాలే వస్తున్నారట.